ప్రోగ్రాము మొరాయించినపుడు సాక్షిని పిలువుడు

గుంటూరు జిల్లాలోని పొన్నూరు సాక్షి భావనారాయణస్వామి వెలసిన పుణ్యస్థలము. ఇచ్చిన మాట లేదని యొకరు బొంకగా, ఆ మాటకు సాక్ష్యము పలుకుటకై స్వామి కాశీనుండి తరలివచ్చెనని యిచటి స్థలపురాణము చెప్పుచున్నది. తగవు వచ్చినచోట ఊహలు చాలవు, సాక్షి కావలెనను న్యాయము ఈ యూరివారికి ఉగ్గుపాలతో అబ్బినది. ఆ న్యాయమునే మఱియొక విద్యకు అన్వయించి మా సోదరీమణులకు కొన్ని సంగతులు విన్నవింపదలచితిమి. అది కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు విద్య. అందును విండోసు కంప్యూటరుపై నడచు ప్రోగ్రాములకు తఱచుగా వచ్చు చిక్కులను విప్పు విద్య.

ఇది మనకేల యని పత్రికను మూసి పెట్టవలదు. పొన్నూరు, నిడుబ్రోలు వాడలలో ఇంజనీరింగు చదివిన కూతుండ్రు, కోడండ్రు కొల్లలుగా నున్నారు. బాపట్లలో 1981లోనే ఇంజనీరింగు కళాశాల వెలసెను. 2020లో కరోనా వచ్చిన తరువాత కంప్యూటరు ఉద్యోగము వంటింటి పక్కగదిలోనికే వచ్చి కూర్చుండెను. మిర్చి కమీషను కొట్టు లెక్క, ఎరువుల దుకాణపు అప్పుల చిట్టా కంప్యూటరులోనికి చేరుచున్నవి. అందులో దోషము దొరలినచో నష్టపడువాడు టిక్కీలు యార్డుకు తోలిన రైతు. అంతకంటె గొప్ప నష్టము ఇంకొకటి కలదు. నడిరేయి ప్రోగ్రాము ఆగిపోగా, ఆ పిల్ల తెరవంక చూచి “నాకీ విద్య రాదు కాబోలు” నని దిగులుపడును. ఇంటివారును “ఆడపిల్లకేల యీ తలనొప్పి” యందురు. దోషము ప్రోగ్రాములో నున్నది. శిక్ష పిల్లకు పడుచున్నది. సాక్షి లేని తీర్పనగా నిదియే.

ఈ విద్య స్త్రీలకు క్రొత్తది కాదు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో లోకమునకు చూపిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వులుండెడివి. దానికి లెక్కలమర్చిన తొలి ప్రోగ్రామర్లు ఆఱుగురును స్త్రీలే: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వారికి పాఠ్యగ్రంథము లేదు. యంత్రపు పటములను ముందిడుకొని నేర్చిరి. యంత్రము మొరాయించినపుడు లోపమే మూలనున్నదో వెదకి పట్టిరి. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రము లోపల ఒక రెక్కలపురుగు చిక్కుకొనగా, అచటివారు దానిని తీసి దినచర్య పుస్తకములో అంటించి పెట్టిరి. గ్రేస్ హాపర్ అను విదుషీమణి ఆ కథను లోకమున వ్యాపింపజేసెను. యంత్రదోషమును “బగ్గు”, అనగా పురుగు, అనుట అంతకు పూర్వమే కలదు. మాకు నచ్చినది వారు సాక్షిని పాఱవేయక భద్రపఱచుట.

ఇక చిక్కులలో ముఖ్యమైనవానిని వరుసగా చూతము.

బిగుసుకొనిపోవుట

మనము మౌసు నొక్కినను, మీట కొట్టినను ఒక కబురు పుట్టి ప్రోగ్రాము వాకిట వరుసలో నిలుచును. ప్రోగ్రాము ఒక్కొక్క కబురే అందుకొని పని జరుపును. ఏదో యొక కబురునకై పదివేల లెక్కలు కూడుటకు కూర్చున్నచో తక్కిన కబురులు వాకిటనే పడియుండును. 5 సెకన్లు దాటినను పలుకకుండినచో విండోసు ఆ కిటికీని వెలవెలబాఱజేసి, అది స్పందించుట లేదని పైన వ్రాయును. ప్రోగ్రాము చచ్చినదని జనులు తలంతురు. అది చావలేదు, పనిలో మునిగియున్నది.

ఒంటి యిల్లాలు రోటిలో పిండి రుబ్బుచుండగా వాకిట తలుపు తట్టిన నేమి చేయును? రుబ్బుట ఇంకొకరి కప్పగించి తాను తలుపు తీయవలెను. ప్రోగ్రాములోను ఉపాయమిదియే. పెద్దపనిని వేఱొక థ్రెడ్డునకు, అనగా వేఱొక పోగునకు అప్పగించి, తెరను చూచు పోగును ఖాళీగా నుంచవలెను. సీ షార్ప్ భాషలో 2012 నుండి అసింక్, అవెయిట్ అను మాటలు ఈ పనిని సులభము చేసినవి. అయినను ఒక నియమము కలదు. తెరమీది పెట్టెలను, బటనులను సృష్టించిన పోగే వానిని ముట్టవలెను. పక్కపోగు లెక్క ముగించి తానే తెరపై వ్రాయబోయిన దోషము పుట్టును. ఫలితమును తెచ్చి తెర పోగు చేతికి అందీయవలెను.

ఇచట నడచును, అచట నడువదు

తన కంప్యూటరులో చక్కగా నడచిన ప్రోగ్రాము కొట్టులోని కంప్యూటరులో తెఱవనైనను తెఱవదు. ఇట్టి సమయమున రెండు కంప్యూటరులకును గల భేదమే సాక్షి. వ్రాసినవారి కంప్యూటరులో విజువల్ స్టూడియోతో పాటు డాట్ నెట్ మొదలగు సరంజామా అంతయు చేరియుండును. కొట్టులో అది యుండదు. కావున ఆ సరంజామాను ప్రోగ్రాముతో కూడ పంపవలెను. మఱియు 32 బిట్ల ప్రోగ్రాము 64 బిట్ల డి.ఎల్.ఎల్.ను తనలో ఇముడ్చుకొనజాలదు. రెండును ఒక తీరుగా నున్నవో లేవో చూడవలెను.

కొందఱు లెక్కల ఫైలును ప్రోగ్రాము ఫైల్సు అను అరలోనే వ్రాయజూతురు. 2007లో సామాన్యులకు విడుదలయిన విండోసు విస్టా నాటినుండి ఆ అరలో వ్రాయుటకు సాధారణ వినియోగదారునకు అనుమతి లేదు. ఒక్కొక్క మనిషికి యాప్‌డేటా యను సొంత అర యుండును, అచటనే వ్రాయవలెను. తన యింటి తెరపై నిగనిగలాడిన అక్షరములు క్రొత్త ల్యాప్‌టాపుపై మసకబాఱుటయు కలదు. విండోసు పూర్వము అంగుళమునకు 96 చుక్కల లెక్కను తెరను కొలిచెడిది. నేటి తెరలలో చుక్కలు దట్టము. దట్టమైన తెరలు తనకు తెలియునని ప్రోగ్రాము తన మ్యానిఫెస్టులో చెప్పకుండినచో, విండోసు దాని బొమ్మను సాగదీసి చూపును. సాగదీసిన పటము మసకబాఱక యేమగును?

తెలుగు అక్షరములు చెదరుట

ఇది మన భాషకు సంబంధించిన చిక్కు గావున కొంచెము విపులముగా చెప్పుదుము. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునుండియు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడి యున్నవి. 2001 నాటి విండోసు ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు ఖతి విండోసులోనే చేరెను. కాని యూనికోడునకు పూర్వపు ఆన్సీ పద్ధతిలో తెలుగునకు విండోసులో పట్టికయే లేదు. ప్రోగ్రాములో ఏ మూలనైనను ఆ పాతపద్ధతి మిగిలియున్నచో రైతు పేరు చెడిపోవును.

చెడిన తీరే యిచట సాక్ష్యము పలుకును. తెరపై ప్రశ్నార్థకములు వరుసగా నిలిచినచో అక్షరములు పాతపద్ధతి గుండా పోవుచు నశించినవని గుఱుతు. అట్లే దాచినచో మరల రావు. అసలు కాగితము చూచి తిరిగి వ్రాయవలసినదే. ఖాళీ డబ్బాలు కనబడినచో అక్షరములు క్షేమము. వానిని చూపు ఖతి మాత్రము లేదు. తలపై గీత గల ఇంగ్లీషు ‘ఎ’ అక్షరమును, దాని వెంట డిగ్రీ సున్నయు మాటిమాటికి కనబడినచో, యూటీఎఫ్ 8 పద్ధతిలో వ్రాసినదానిని వేఱొక పట్టికతో చదువుచున్నారని యర్థము. అక్షరము లప్పటికి చెక్కుచెదరక యుండును. సరియైన పట్టికతో చదివిన చాలును. కావున చెదరిన పేరును చూడగానే కంగారుపడి మరల దాచుట తగదు. ముందు గుఱుతును పోల్చుకొనవలెను.

మఱొక విశేషము. “స్త్రీ” యను మాట మన కంటికి ఒక్క అక్షరము. యంత్రమునకది ఆఱు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుడి. యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కొక్కటికి 3 చొప్పున 18 బైట్లు పట్టును. ఇంగ్లీషు పేర్లను మనసులో నుంచుకొని పేరునకు 20 బైట్లే కేటాయించిన ప్రోగ్రాములో మన పేర్లు నడుమ తెగి, చివర పొల్లు వ్రేలాడుట ఇందువలననే.

తేదీలు, పైకము

మన దేశమున 3-4-2025 అనగా ఏప్రిలు 3వ తేదీ. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరునకు అది మార్చి 4వ తేదీ. ఇట్టి కంప్యూటరులో నెలలో 12వ తేదీవరకు ప్రోగ్రాము కిక్కురుమనక తప్పు తేదీలు వ్రాసికొనును. 13వ తేదీన, పదుమూడవ నెల లేదు గావున, ఆగిపోవును. “నిన్నటివఱకు బాగుండెను, నేడు చెడినది” అని యెల్లరు అనుకొందురు. నిజమునకు చెడినది పన్నెండు దినముల నుండి. నేడు సాక్ష్యము దొరకినది. తేదీని దాచునపుడు సంవత్సరము, నెల, దినము అను స్థిరమైన వరుసలో దాచి, చూపునపుడు మాత్రము చదువువారి పద్ధతికి మార్చుట క్షేమము.

పైకము సంగతియు నిట్టిదే. మూడింట నొకవంతును దశాంశములలో వ్రాయబోయిన ఎట్లు తెగదో, పదింట నొకవంతు యంత్రపు రెండంకెల లెక్కలో అట్లే తెగదు. అందువలన డబుల్ అను తరగతి సంఖ్యలలో 0.1కి 0.2 కూడినచో సరిగా 0.3 రాదు, చివర ఎచటనో ఒక 4 తొంగిచూచును. క్వింటాలు ధరను, తరుగును, కూలిని వేలసారులు కూడి తీసివేయు కొట్టులెక్కలో ఈ తునకలు పోగై పైసలు తేడా వచ్చును. పైకమునకు డెసిమల్ అను తరగతిని వాడవలెను; లేదా అంతయు పైసలలోనికి మార్చి పూర్ణసంఖ్యలతో కూడవలెను.

సాక్షి నోరు నొక్కరాదు

ప్రోగ్రాము పడిపోవునపుడు ఊరక పడిపోదు. ఏ దోషమున, ఏ వరుస గుండా వచ్చి, ఏ పంక్తిలో పడినదో స్టాక్ ట్రేసు అను వాఙ్మూలములో చెప్పిపోవును. విండోసులోని ఈవెంట్ వ్యూయరు, అప్లికేషను చిట్టాలో, పడిన గడియను, కారణమైన భాగమును నమోదు చేసి యుంచును. వ్రాసినవారు బ్రేక్‌పాయింటు పెట్టి, అనుమానమున్న పంక్తికడ ప్రోగ్రామును నిలిపి, ఏ పెట్టెలో నేమున్నదో కన్నులార చూడవచ్చును. ఇందఱు సాక్షులుండగా కొందఱు చేయు ఘోరమొకటి కలదు. దోషము తెరపై కనబడిన యజమాని కోపించునని, క్యాచ్ అను చోట దానిని పట్టి, ఏమియు వ్రాయక వదలివేయుదురు. ప్రోగ్రాము ఆగదు, కాని పద్దు దాగలేదు. ఆ సంగతి ఎవరికిని తెలియదు. ఆగిన ప్రోగ్రాము కంటె అబద్ధమాడు ప్రోగ్రాము అపాయకరము. దోషమును పట్టినచో చిట్టాలో వ్రాయవలెను, యజమానికి తెలుపవలెను.

విచారణకు క్రమము కలదు. దోషము మరల పుట్టునట్లు చేయగల మార్గమును మొదట కనుగొనవలెను. ఒక్కసారి యొక్కటే మార్చి చూడవలెను. పులుసు చెడినదని ఉప్పు, చింతపండు, బెల్లము ఒక్కుమ్మడిగా వేసినచో దేనివలన బాగుపడెనో తెలియునా? మార్చుటకు ముందు ఉన్నదానిని భద్రపఱచుకొనవలెను. 2005లో పుట్టిన గిట్ అను సాధనము ఇందుకు మిక్కిలి ఉపకరించును.

ప్రోగ్రాములు వ్రాయని సోదరీమణులకును ఇందు పాత్ర కలదు. కొట్టులో లెక్క ఆగిపోయినపుడు “అమ్మాయీ, అది పాడైపోయినదే” యని ఫోనులో చెప్పిన ప్రయోజనము లేదు. ఏ బటను నొక్కితిరి, ఏమి జరుగునని తలచితిరి, ఏమి జరిగెను, అను మూడింటిని చెప్పుడు. తెరపై వచ్చిన మాటలను చదువకయే మూసివేయక, ఫోనుతో ఒక పటము తీసి పంపుడు. ఆ పటమే దూరముననున్న కోడలికి సాక్షి.

పాలలెక్కకు, చాకలిపద్దునకు మన యిండ్లలో పుస్తకములుండెడివి. అట్లే ఈ విద్య నభ్యసించు ప్రతి అమ్మాయియు ఒక దోషాల పుస్తకము పెట్టుకొనవలెనని మా సలహా. దోషము కనబడిన తీరు, సాక్షి చెప్పిన మాట, తేలిన కారణము అని మూడు గళ్లు గీసిన చాలును. ఒక యేడు గడచునప్పటికి ఆ పుస్తకమే ఆమెకు గురువగును. నడిరేయి దిగులు ముంచుకొని వచ్చినపుడు వెనుకటి పుటలు త్రిప్పిన యెడల, ఇంతకు పూర్వము ఎన్ని చిక్కులు తన చేతనే విడివడెనో తన దస్తూరిలోనే కనబడును.