తలుపు తెరిచాక మొదలయ్యే చెర

బందీల కథల్లో పాఠకుడు విడుదల కోసం ఎదురుచూస్తాడు. బషీర్, మంటో అదే విడుదలను అసలు సంకటంగా మార్చారు.

వైకం మహమ్మద్ బషీర్ మలయాళ రచన 'మతిలుకళ్' (గోడలు) నవలికే అయినా, పెద్దకథ అన్నా చెల్లుతుంది. రాజద్రోహ రచనలకు జైలుపాలైన రచయిత, గోడ అవతల మహిళా ఖైదీ నారాయణి గొంతును ప్రేమిస్తాడు. ఆమె వచ్చినట్టు గుర్తు, గోడపైన గాల్లోకి లేచే ఎండుపుల్ల. ఆస్పత్రిలో కలుసుకుందామని రోజు కూడా ఖాయం చేసుకుంటారు. ఆ కలయిక జరగకముందే విడుదల ఉత్తర్వు వస్తుంది. స్వేచ్ఛ అతనికి శిక్షలా తగులుతుంది. అడూర్ గోపాలకృష్ణన్ సినిమాలోనూ నారాయణి ముఖం కనిపించదు. కేపీఏసీ లలిత గొంతు వినిపిస్తుందంతే. ఆ నిగ్రహం లేకుంటే గోడకు బరువే ఉండేది కాదు.

బషీర్ చెర ప్రేమతో ముడిపడితే, సాదత్ హసన్ మంటో ఉర్దూ కథ 'టోబా టేక్ సింగ్'లో అది ఊరితో ముడిపడింది. దేశ విభజన తర్వాత రెండు ప్రభుత్వాలూ పిచ్చాసుపత్రుల్లోని రోగులను కూడా మతం చూసి మార్చుకుంటాయి. లాహోర్‌లో ఉన్న బిషన్ సింగ్ పదిహేనేళ్లుగా నడుం వాల్చలేదు; కాళ్లు వాచిపోయాయి. అతనికి కావాల్సింది ఒక్కటే: తన ఊరు టోబా టేక్ సింగ్ ఏ దేశంలో ఉంది? ఊరు పాకిస్థాన్‌లో ఉంది, సిక్కు కాబట్టి తనను మాత్రం భారత్‌కు పంపుతున్నారు. వాఘా దగ్గర అతను కదలనంటాడు. ఇన్నేళ్లూ నిలబడే ఉన్న మనిషి, చివరికి ఏ దేశానికీ చెందని నేల మీద బోర్లా పడతాడు.