మెదడుకు పేస్‌మేకర్: వణుకు తగ్గుతుంది, వ్యాధి మాత్రం పోదు

2000 ఆగస్టులో జర్మనీ ‘గ్రీన్ కార్డ్’ పథకం మొదలుపెట్టినప్పుడు హైదరాబాద్, బెంగళూరుల నుంచి విమానమెక్కిన మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామందికి అప్పటికి ముప్ఫై ఏళ్లు అటూ ఇటూ. లెక్కేసుకుంటే వాళ్లిప్పుడు అరవైకి దగ్గర పడుతున్నారు. ఇన్నాళ్లూ మన తెలుగు సంఘాల్లో నలుగురు కలిస్తే వీసాలు, ఇంటి అద్దెలు, పిల్లల గిమ్నాజియం, ఉగాదికి హాలు బుకింగు... ఇవే కబుర్లు. ఇప్పుడు వాటిలోకి బీపీ, షుగరు, మోకాళ్లు వచ్చి చేరాయి. వాటి వెనకే, పక్కకు పిలిచి మాత్రమే చెప్పుకునే ఇంకో పేరు కూడా వినిపిస్తోంది. అది పార్కిన్సన్స్.

ఈ జబ్బు గురించి 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ మొదటిసారి వివరంగా రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి 85 లక్షల మందికి పైగా దీనితో బతుకుతున్నారు. జర్మనీలో ఈ సంఖ్య సుమారు 4 లక్షలు. ఎక్కువగా అరవై దాటాక వచ్చినా, యాభై లోపే మొదలైనవాళ్లూ తక్కువేం కాదు. మనవాళ్లకు దీని గురించి తెలిసింది ‘చేతులు వణకడం’ వరకే. చికిత్స గురించి తెలిసింది అంతకన్నా తక్కువ. ‘మెదడుకు ఆపరేషన్’ అనగానే ‘వద్దు బాబోయ్’ అంటాం, లేదంటే ‘చేయించుకుంటే మొత్తం పోతుందట’ అంటాం. రెండూ నిజం కావు.

మాత్ర పనిచేసే గంటలు

మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగం ఉంటుంది. మన కదలికలు సాఫీగా సాగడానికి కావలసిన డోపమైన్‌ను అక్కడి కణాలే తయారుచేస్తాయి. ఆ కణాలు ఏళ్ల తరబడి చచ్చిపోతూ వస్తే పార్కిన్సన్స్ బయటపడుతుంది. వణుకు అందులో ఒక లక్షణం మాత్రమే. నడక నెమ్మదించడం, కండరాలు బిగుసుకుపోవడం, చేతిరాత చిన్నదైపోవడం, ముఖంలో కళ తగ్గడం, వాసన తెలియకపోవడం కూడా లక్షణాలే. అసలు వణుకే లేని రోగులూ ఉంటారు.

డోపమైన్‌ను నేరుగా ఇస్తే అది మెదడులోకి చేరదు. అందుకే లెవోడోపా ఇస్తారు. మన పల్లెల్లో కంచెల మీద పాకే దూలగొండి తెలుసు కదా, ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించేది. దాని గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మన దేశపు శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి చూపించారు. అలాగని ఆన్‌లైన్‌లో దొరికే దూలగొండి పొడిని మాత్రలతో కలిపి సొంతంగా వాడకూడదు. మోతాదు తెలియకుండా రెండు మందులు వేసుకోవడంతో సమానం అది.

మొదటి కొన్నేళ్లు లెవోడోపా అద్భుతంగా పనిచేస్తుంది. ఆ తర్వాత మాత్ర ప్రభావం నిలిచే సమయం తగ్గుతూ వస్తుంది. పనిచేస్తున్నంతసేపు ‘ఆన్’, అది దిగిపోగానే ‘ఆఫ్’. మోతాదు పెంచితే శరీరం తనంతట తానే మెలికలు తిరిగే డిస్కినీజియా మొదలవుతుంది. రోజంతా ఈ రెండింటి మధ్య ఊగిసలాటే. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా డీబీఎస్, అవసరపడేది ఈ దశలోనే. జర్మన్లు దీన్ని ‘హిర్న్‌ష్రిట్‌మాఖర్’ అంటారు. అంటే మెదడు పేస్‌మేకర్.

గ్రెనోబుల్‌లో మొదలై, కీల్‌లో రుజువై

పూర్వం వణుకు ఆపడానికి మెదడులోని ఒక చిన్న భాగాన్ని కాల్చేసేవారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ అలిమ్ లూయీ బెనాబిద్ అలాంటి ఆపరేషనే చేస్తూ, కాల్చే ముందు చోటు సరైనదో కాదో చూడటానికి విద్యుత్తు ఇచ్చి పరీక్షించారు. సెకనుకు వంద స్పందనల స్థాయికి పెంచేసరికి వణుకు ఆగిపోయింది. విద్యుత్తు ఆపితే మళ్లీ వచ్చింది. కాల్చకుండానే, కావలసినప్పుడు సరిచేసుకోగలిగే పద్ధతి దొరికిందన్నమాట. ఈలోగా అమెరికా శాస్త్రవేత్త మహ్లాన్ డిలాంగ్ సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రం పార్కిన్సన్స్‌లో అతిగా పనిచేస్తుందని కోతుల మీద పరిశోధనలతో చూపించారు. 1993లో బెనాబిద్ బృందం అక్కడ ఎలక్ట్రోడ్ పెట్టింది. ఈ ఇద్దరికీ 2014లో లాస్కర్ అవార్డు వచ్చింది.

ఇది మందులకన్నా మేలా అనే ప్రశ్నకు గట్టి జవాబు ఇచ్చింది జర్మనీయే. కీల్ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటర్ డాయిష్ల్ నాయకత్వంలో 156 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. సగం మందికి ఆపరేషన్, మిగతా సగానికి మందులు. ఆరు నెలల తర్వాత ఆపరేషన్ అయినవాళ్ల జీవన నాణ్యత దాదాపు నాలుగో వంతు మెరుగుపడింది. రెండోవైపు లెక్క కూడా చెప్పుకోవాలి. తీవ్రమైన దుష్పరిణామాలు మందుల వర్గంలో 4 శాతం మందికి వస్తే, ఆపరేషన్ వర్గంలో 13 శాతం మందికి వచ్చాయి. ఒకరు మెదడులో రక్తస్రావమై చనిపోయారు.

2013లో జర్మనీ, ఫ్రాన్స్ కలిసి చేసిన ‘ఎర్లీస్టిమ్’ అధ్యయనం ఇంకో ముఖ్యమైన విషయం చెప్పింది. అందులో 251 మంది, సగటు వయసు 52. మందుల ఒడుదొడుకులు మొదలై మూడేళ్లు దాటనివాళ్లే. రెండేళ్లకు ఆపరేషన్ వర్గంలో జీవన నాణ్యత 26 శాతం పెరిగింది. మందుల వర్గంలో పెరగనే లేదు. ‘అన్నీ అయిపోయాక చివర్లో చూద్దాం’ అనే మాటను ఈ ఫలితం మార్చేసింది.

ఆ రోజు ఏం చేస్తారంటే

మా ఊళ్లో ఉండే ఒక అన్నయ్య గ్రీన్ కార్డ్ రోజుల్లో వచ్చినవారే. నలభై ఆరో ఏట జబ్బు బయటపడింది. పేరు రాయకుండా ఆయన అనుభవం రాయమని ఆయనే అన్నారు. ఏడేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చారు. వీడియో మీటింగుల్లో కుడిచేయి కెమెరాకు కనపడకుండా కూర్చునేవారు. మీటింగు టైమును మాత్ర టైముతో కలుపుకుని పెట్టుకునేవారు. వదిన మాత్రం ఆపరేషన్‌కు ఏడాది పాటు ఒప్పుకోలేదు. ‘నడక కోసం వెళ్తే మాట పోతే?’ అన్నది ఆమె భయం.

ముందు పరీక్షలే కొన్ని రోజులు. రాత్రంతా మందు ఆపి, పొద్దున లెవోడోపా ఇచ్చి ఎంత మార్పు వస్తుందో కొలుస్తారు. కనీసం మూడో వంతు మెరుగుదల కనిపించాలి. సాధారణంగా లెవోడోపా సరిచేయగలిగిన లక్షణాలనే డీబీఎస్ కూడా సరిచేస్తుంది. వణుకు ఒక్కటే దీనికి మినహాయింపు. మందుకు లొంగని వణుకు కూడా డీబీఎస్‌కు లొంగవచ్చు. జ్ఞాపకశక్తి, మానసిక స్థితి పరీక్షలూ ఉంటాయి. మతిమరుపు ముదిరినవాళ్లకు, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు సాధారణంగా చేయరు.

ఆపరేషన్‌లో తలకు లోహపు చట్రం బిగించి, ఎమ్మారై, సీటీ చిత్రాలతో దారి లెక్కగడతారు. పుర్రెకు రెండు వైపులా రూపాయి నాణెం కన్నా చిన్న రంధ్రాలు చేసి, మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందం ఉన్న ఎలక్ట్రోడ్లను లోపలికి పంపుతారు. చేరవలసిన కేంద్రం చిక్కుడు గింజంత. చాలాచోట్ల ఈ భాగం రోగి మెలకువగా ఉండగానే చేస్తారు. ఇప్పుడు పూర్తి మత్తులో చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. మెదడుకు నొప్పి తెలియదు. అన్నయ్యను వారాల పేర్లు చెప్పమన్నారట. మోంటాగ్, డీన్స్‌టాగ్ అని మొదలుపెట్టి మధ్యలో బుధవారం, గురువారంలోకి వచ్చేశారు. డాక్టర్లకు భాషతో పనిలేదు, మాట స్పష్టంగా ఉందా లేదా అన్నదే చూశారు. తర్వాత మత్తు ఇచ్చి కాలర్ ఎముక కింద పేస్‌మేకర్ లాంటి పెట్టెను అమర్చి, చర్మం కింద నుంచి తీగలు కలిపారు.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. సాధారణంగా సెకనుకు 130 స్పందనలు, ఒక్కో స్పందన సెకనులో పదివేలో వంతు కన్నా తక్కువ. ఏ కాంటాక్టు, ఎంత కరెంటు అనేది నెలల తరబడి సరిచేసుకుంటూ పోవాలి. అన్నయ్యకు మాత్రలు సగానికి తగ్గాయి. చొక్కా గుండీలు తానే పెట్టుకుంటున్నారు. గొంతు మాత్రం సన్నబడింది. ఉగాది సభలో పద్యం ఎత్తుకుంటే మైకు అక్కర్లేని మనిషి, ఇప్పుడు మైకు ఉన్నా ముందు వరుసకే వినిపిస్తారు. ‘బేరం నాకు గిట్టింది’ అంటారాయన. వదిన ఆ మాటకు అవునూ అనదు, కాదూ అనదు.

డూబియల్ చెప్పిన సంగతి

ఈ బేరం గురించి ఎవరికన్నా నిక్కచ్చిగా రాసినవారు జర్మన్ సమాజ శాస్త్రవేత్త హెల్ముట్ డూబియల్. గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. నలభైల్లోనే పార్కిన్సన్స్ వచ్చింది. డీబీఎస్ తర్వాత ఆయన మాట దెబ్బతింది, దిగులు కమ్ముకుంది. పరికరం తగ్గిస్తే మాట తేరుకుంటుంది, పెంచితే నడక తేరుకుంటుంది. పాఠం చెప్పి బతికే మనిషి చేతిలోని రిమోట్‌తో ఏది కావాలో ఎంచుకోవలసి వచ్చింది. 2006లో వచ్చిన ఆయన పుస్తకం ‘టీఫ్ ఇమ్ హిర్న్’లో ఇదంతా ఉంది.

అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కానీ సంతకం పెట్టే ముందు తెలుసుకోవలసిన విషయం. డీబీఎస్ వ్యాధిని ఆపదు. మాట, బ్యాలెన్స్, మతిమరుపు దీనితో బాగుపడవు, ఒక్కోసారి మాట తగ్గుతుంది కూడా. మనసులో మార్పులు రావచ్చు, కాబట్టి ఇంట్లోవాళ్లు గమనిస్తుండాలి. ఇంకో వింత కూడా ఉంది. అంతకుముందు బాగా ఈదగలిగిన తొమ్మిది మంది డీబీఎస్ తర్వాత ఈత మరిచిపోయారని 2019లో జ్యూరిక్ వైద్యులు ప్రకటించారు. నడవగలుగుతున్నాం కదా అని ఒంటరిగా సరస్సులోకి దిగకూడదు.

ఖర్చు, ప్రయాణం, అమ్మానాన్నలు

జర్మనీలో వైద్యపరంగా అర్హులైతే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈ ఖర్చు భరిస్తుంది. మనం కట్టేది ఆసుపత్రిలో రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజులకు మించకుండా. ఉద్యోగులకు ఆరు వారాలు కంపెనీ జీతం, ఆపైన బీమా నుంచి క్రాంకెన్‌గెల్డ్ వస్తాయి. వైకల్య స్థాయి 50గా గుర్తిస్తే ఏడాదికి ఐదు రోజుల అదనపు సెలవు, ఉద్యోగం నుంచి తీసేయకుండా ప్రత్యేక రక్షణ ఉంటాయి. మీ న్యూరాలజిస్టును అడిగి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోని కదలిక వ్యాధుల విభాగానికి సిఫారసు తీసుకోండి. కీల్, బెర్లిన్ షారిటే, వూర్ట్స్‌బుర్గ్, కొలోన్ వంటి చోట్ల దీర్ఘకాల అనుభవం ఉంది. 1981లో ఏర్పడిన జర్మన్ పార్కిన్సన్ సంఘానికి చాలా ఊళ్లలో రోగుల బృందాలు ఉన్నాయి.

చూడటానికి వచ్చే అమ్మానాన్నల సంగతి వేరు. విజిటర్ బీమా సాధారణంగా ముందు నుంచీ ఉన్న జబ్బుకు వర్తించదు. వాళ్లకు హైదరాబాద్ నిమ్స్ సహా మన దగ్గరే డీబీఎస్ చేసే ఆసుపత్రులున్నాయి. పరికరాన్ని సరిచేయించుకోవడానికి పదేపదే వెళ్లాలి కాబట్టి, ఇంటికి దగ్గరగా ఉన్నదే మేలు. వాళ్ల మాత్రల చీటీలో మందు అసలు పేరు రాయించుకోండి. మన దగ్గర లెవోడోపాతో ఎక్కువగా కార్బిడోపా కలుపుతారు, ఇక్కడ బెన్సెరజైడ్ కలిపినవీ విరివిగా వాడతారు. బ్రాండు పేరు చెబితే ఇక్కడి మందుల షాపులో తెలియకపోవచ్చు.

డీబీఎస్ ఉన్నవాళ్లు విమానాశ్రయంలో గుర్తింపు కార్డు చూపించి చేత్తో తనిఖీ చేయమని అడగాలి. ఎమ్మారై పరికరం రకాన్ని బట్టే. అన్నిటికన్నా ముఖ్యం: మోకాలి నొప్పికో భుజం నొప్పికో మన ఊళ్లో ఫిజియోథెరపీకి వెళ్తే ‘కరెంటు పెడతాం’ అంటారు. షార్ట్‌వేవ్ డయాథర్మీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు. ఎలక్ట్రోడ్ వేడెక్కి మెదడుకు ప్రాణాపాయం కలగవచ్చు.

ఇక ముందు

ఇప్పటిదాకా ఈ పరికరం రాత్రీ పగలూ ఒకేలా విద్యుత్తు ఇచ్చేది. పార్కిన్సన్స్‌లో సెకనుకు 13 నుంచి 30 సార్లు కదిలే బీటా తరంగాలు పెరుగుతాయి. వాటిని తానే కొలిచి, అవసరం మేరకే స్పందించే అడాప్టివ్ డీబీఎస్‌కు 2025 జనవరిలో ఐరోపాలో, ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎలక్ట్రోడ్ సరిగ్గా ఎక్కడ కూర్చుందో చూపే ‘లీడ్-డీబీఎస్’ సాఫ్ట్‌వేర్ బెర్లిన్ షారిటేలో తయారైంది. దాని కోడ్ అందరికీ ఉచితం. మన వృత్తివాళ్లు ఒకసారి తెరిచి చూడదగ్గది.

పరికరాలు ఇంకా మెరుగవుతాయి. కానీ ఎర్లీస్టిమ్ లాభం చూపింది ఒడుదొడుకులు మొదలైన తొలి ఏళ్లలోనే. మన ఇళ్లలో ఆ ఏళ్లు చేతిని జేబులో దాచుకోవడానికే అయిపోతున్నాయి. ఎవరికైనా మాత్ర ప్రభావం గంటల లెక్కన దిగిపోతుంటే, ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. రెండు ప్రశ్నలు అడగండి: ‘నేను దీనికి అర్హుడినా? నాకు పోయేదేమిటి?’ రెండో ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే, మొదటి ప్రశ్నకు ఆయన చెప్పే జవాబును నమ్మవచ్చు.