తొలి గంట లెక్క

వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగిన రోగి ఆసుపత్రికి చేరగానే వైద్యుడు తేల్చుకోవాల్సినవి రెండు: జబ్బు ఎంత ముదిరింది, ఇక ఎటు తిరుగుతుంది. నెల్లూరులోనైతే రెండోదానికి కాస్త వ్యవధి ఉంటుంది, ఐసీయూ దగ్గరే కాబట్టి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో అది ఉండదు. ఆత్మకూరు నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి దాదాపు యాభై కిలోమీటర్లు, ఉదయగిరి నుంచి దానికి రెట్టింపు దాకా. ఇక్కడ అంబులెన్సును పిలవాల్సింది రోగి కుప్పకూలాక కాదు, జబ్బు ముదిరే సూచనలు కనబడగానే.

కొవిడ్ కాలంలో ఆ సూచనలను అంకెల్లోకి మార్చిన లెక్కల్లో గట్టిది బ్రిటన్‌లో తయారైన '4సీ' మరణ స్కోరు. 2020 సెప్టెంబరులో బీఎంజే పత్రికలో వచ్చింది. 35 వేలకు పైగా రోగుల వివరాలతో కట్టి, మరో 22 వేల మందిపై సరిచూశారు. వయసు, లింగం, పాత జబ్బులు, నిమిషానికి శ్వాసలు, ఆక్సిజన్ శాతం, స్పృహ, రక్తంలో యూరియా, సీఆర్‌పీ: మొత్తం 21 పాయింట్లు. 3 వరకు వచ్చినవారిలో చనిపోయింది 1.2 శాతం; 9 నుంచి 14 మధ్య 31.4 శాతం; 15, ఆపైన వచ్చినవారిలో 61.5.

షుగరు, గుండెజబ్బు ఉన్న 62 ఏళ్ల పురుషుడు ఆత్మకూరు ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. శ్వాసలు 26, ఆక్సిజన్ 90. వయసుకు 4, పురుషుడైనందుకు 1, జబ్బులకు 2, శ్వాసకు 1, ఆక్సిజన్‌కు 2. చుక్క రక్తం తీయకముందే 10 వచ్చేసింది. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగాల్సిన పని లేదు.

2021 రెండో వేవ్‌లో జనం నోట నానింది మాత్రం మరో అంకె: సీటీ స్కోరు. ఊపిరితిత్తుల అయిదు భాగాలకు తలా 5 చొప్పున 25కి ఎంతొచ్చిందని ఆరాలు. తేలికపాటి జబ్బుకు సీటీ వద్దని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఆ మే నెలలో హెచ్చరించారు. గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టడానికి ఖర్చేమీ లేదు. అందుకేనేమో ఎవరూ దానికి విలువివ్వలేదు. చాలా కేస్ షీట్లలో లెక్కపెట్టకుండానే 20 అని పడుతుంది.

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కేసులతో 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం వయసు ప్రభావాన్ని బాగా చూపింది: 5-17 ఏళ్లలో మరణాలు 0.05 శాతం, 85 దాటితే 16.6. చనిపోయినవారిలో 63 శాతానికి ఏదో ఒక పాత జబ్బు, 45 శాతానికి షుగరు. పైగా మరణాలు సగటున ఆసుపత్రిలో చేరిన అయిదు రోజులకే, అమెరికాలో పదమూడు. ఆలస్యంగా చేరడం దీనికి ఒక కారణం కావచ్చు.

వైద్యం కూడా ఆక్సిజన్ లాంటి ఈ అంకెల మీదే నడుస్తుంది. బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' ట్రయల్‌లో డెక్సామెథసోన్ మందు ఆక్సిజన్ అవసరమైనవారిలో మరణాలను తగ్గించింది. అవసరం లేనివారికి మేలు చేయలేదు.

4సీ స్కోరుకూ హద్దులున్నాయి. టీకాకు ముందు, వేరే దేశంలో కట్టిన లెక్కను స్థానిక ఫలితాలతో సరిచూడాలి. నల్లని చర్మంపై ఆక్సీమీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు. కొవిడ్ చాలాసార్లు లక్షణాలు మొదలైన వారం తర్వాత ముదురుతుంది కాబట్టి పొద్దుటి అంకె సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. రిఫరల్ చీటీలో 'జ్వరం, ఆయాసం' అని రాస్తే నెల్లూరు వైద్యుడికి తెలిసేది తక్కువ. జబ్బు ఎన్నో రోజు, శ్వాసలెన్ని, మామూలు గాలిపై ఆక్సిజన్ ఎంత, ఏ గంటకు చూశారు, ఈ నాలుగూ అందులో ఉండాలి.