రాయసగాడికి పేజీ చూపేదెవరు?

ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లను మరిగించి చల్లార్చితే అందులో ప్రాణమున్నదేదీ మిగలదనుకుంటాం. కానీ రెండు మూడు రోజులకు పైన పొర కడుతుంది. ఈ గుట్టును 1876లో ఫెర్డినాండ్ కోన్ విప్పాడు. గడ్డిలో ఉండే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా తిండి కరువైతే సిద్ధబీజం కడుతుంది. మరిగే నీళ్లు కూడా ఆ బీజాన్ని చంపలేవు.

బీజం కట్టడానికి పట్టేది సుమారు 8 గంటలు. అందుకు వందల జన్యువులు వంతులవారీగా పనిచేయాలి. జన్యువులను చూసి ఆర్‌ఎన్‌ఏ నకలు రాసే రాయసగాడు మాత్రం ఒక్కడే, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్. రాయడం వచ్చు కానీ ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలియదు. పేజీ చూపేది దాన్ని అంటుకునే సిగ్మా అనే ప్రోటీన్. ఇది 1969లో ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాలో బయటపడింది. అదే ఏడాది లోసిక్, సోనెన్‌షైన్ అనే పరిశోధకులు ఒక వింత గమనించారు. మామూలప్పుడు ఒక వైరస్ డీఎన్‌ఏను చక్కగా చదివే బాసిల్లస్ ఎంజైమ్, బీజం కట్టే వేళకు దాన్ని చదవడం మానేస్తోంది.

పేజీలు చూపే సిగ్మాలు చాలా ఉన్నాయని తర్వాత తేలింది. ఆకలేసిన కణం మధ్యలో కాక ఓ కొసన గోడ కట్టుకుంటుంది. చిన్న గదిలో బిడ్డ, పెద్ద గదిలో తల్లి. బిడ్డ గదిలో సిగ్మా-ఎఫ్ మేల్కొంటుంది, గోడ అవతలికి కబురు పంపుతుంది. తల్లి గదిలో అప్పటికే సిద్ధంగా ఉన్న సిగ్మా-ఈకి ఓ తోక ఉంటుంది, అది తెగితేనే పని మొదలు. కబురందగానే తోక తెగుతుంది. ఆపై బిడ్డ వైపు సిగ్మా-జీ, చివరకు తల్లి వైపు సిగ్మా-కే. రెండు వైపులా ఉన్నది ఒకే డీఎన్‌ఏ, చదివేది మాత్రం వేరు వేరు పేజీలు.

నాకు అన్నిటికంటే నచ్చింది సిగ్మా-కే కథ. దాని జన్యువు రెండు ముక్కలుగా ఉంటుంది, నడుమ 48 వేల అక్షరాల పరాయి పాఠం. తల్లి కణం ఆ పాఠాన్ని డీఎన్‌ఏలోంచే కోసి పారేసి, ముక్కలు అతుకుతుంది. 1989లో స్ట్రాజియే, లోసిక్ బృందం ఈ సంగతి చూపింది. తన గ్రంథాన్ని తానే కోసుకోవడం ఇంకెవరికైనా ప్రమాదమే. తల్లి ఎలాగూ బీజం పూర్తయ్యాక పగిలి చచ్చిపోతుంది. బిడ్డ దగ్గరి ప్రతి మాత్రం చెక్కుచెదరదు, కోతే ఉండదు.

ఇంతకీ ఆ పరాయి పాఠాన్ని ముందే తీసేసిన బ్యాక్టీరియా కూడా బీజాలు మామూలుగానే కడుతుంది. చూడబోతే అది ఎప్పుడో చొరబడి ఉండిపోయిన ఏ వైరస్ అవశేషమో కావచ్చు.