సాయంసంధ్యా సుమము చంద్రకాంత

తులసికోట ప్రక్కనో, నూతిగట్టు చెంతనో, ఎవరును పనిగట్టుకొని నాటకున్నను రాలిన గింజలనుండి తనంత తాను మొలిచి, పగటియెండలో మొగ్గలు ముడుచుకొనియుండి, ప్రొద్దు వాలునప్పటికి ఎరుపు, పసుపు, తెలుపు వన్నెలతో విప్పారి పెరటినంతటిని పరిమళభరిత మొనర్చు చంద్రకాంతను ఎరుగని తెలుగువా రరుదు.

ఇంతగా మనదైపోయిన యీ మొక్కకు జన్మభూమి అమెరికా ఖండపు ఉష్ణప్రదేశము. 1753లో లిన్నేయస్ దీనికి మిరాబిలిస్ జలాపా యని శాస్త్రీయనామ మొసగెను. మనము రేకు లనుకొను రంగుల గరాటు నిజమునకు రక్షకపత్రముల కలయికయే; దీనికి వేరుగా ఆకర్షణపత్రములు లేవు. సన్నని నాళము అడుగున నున్న మధువును గ్రోలగల పొడవైన తుండముతో రాత్రివేళ సంచరించు శలభములు దీనికి పరాగవాహకములు గనుక, వాని రాకవేళకే యీ పుష్పము వికసించి, మరునాటి యెండకు వాడిపోవును.

మా బాల్యమున బడి విడిచిన కొంతసేపటికే చంద్రకాంతలు విచ్చుచుండెడివి. ఆడపిల్లలు ఆ పొడవాటి కాడలను దారము లేకయే జడగా అల్లి తలలో తురుముకొనుచుండగా, మగపిల్లలము గొట్టములోని కేసరములను లాగివేసి పీకలూదుచుండెడివారము. నల్లని గింజలను పగులగొట్టి, లోని తెల్లని పిండిని బొమ్మల ముఖములకు పౌడరుగా పూయుచుంటిమి. రాబోవు మొలకకు మొక్క కూడబెట్టియుంచిన ఆహారమే ఆ పిండి.

ఆకులను నలిపి, వెచ్చచేసి, సెగగడ్డలపైనను వాపులపైనను కట్టుట పెద్దలనుండి వచ్చిన గృహవైద్యము. దుంపవేరును విరేచనమునకు వాడుటయు కలదు గాని, వేరును గింజలును విషగుణము గలవి. అవి కడుపులోనికి పోయినచో వాంతులు, విరేచనములు కలుగును. కావున లోనికి పుచ్చుకొను చికిత్సను ఇంట ప్రయత్నింపరాదు. గడ్డ ముదిరి జ్వరము వచ్చినచో వైద్యునే ఆశ్రయింపవలెను.

పిల్లల చేతి యాటవస్తువైన యీ పుష్పమే విజ్ఞానశాస్త్రమునకును గురువైనది. 1900లో మెండెల్ వంశపారంపర్య సూత్రములను తిరిగి వెలుగులోనికి తెచ్చినవారిలో నొకడైన జర్మను శాస్త్రవేత్త కార్ల్ కారెన్స్ చంద్రకాంతలపై పరిశోధించెను. ఎరుపు, తెలుపు జాతులను సంకరము చేయగా గులాబివన్నె పూలు పుట్టును. వాని సంతానమున ఎరుపు, గులాబి, తెలుపు 1:2:1 నిష్పత్తిలో మరల వేర్పడును. పొడల ఆకులుగల మొక్కలందు ఆకురంగు తల్లిమొక్కనుండియే సంక్రమించునని 1909లో ఆయన ప్రకటించెను. వంశలక్షణములు కొన్ని జీవకణకేంద్రమునకు వెలుపలను ఉండునను అవగాహనకు ఇదియే తొలిమెట్టు.

ఒక్కరాత్రికే వాడు పూవగుటచే అంగడిలో దీనికి వెల లేదు. పిల్లలున్న యింట మాత్రము దీని విలువ గొప్పది. గింజ నోట బెట్టరాదని ముందే హెచ్చరించి, ఒకే మొక్కకు ఇన్నివన్నెల పూలెట్లు పూచెనో చూచి చెప్పుమని వారి నడిగినచో, పాఠ్యపుస్తకము తెరువకమునుపే వారికి ప్రకృతిపరిశీలన అలవడును. అందుకు జానెడు నేల కేటాయించుట పెద్దల కర్తవ్యము.