స్వైన్‌ఫ్లూ: తొలి రెండు రోజులే కీలకం

ఇన్‌ఫ్లుయెంజా-ఎ రకానికి చెందిన హెచ్1ఎన్1 వైరస్ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధి స్వైన్‌ఫ్లూ. 2009 ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాల్లో బయటపడిన దీన్ని జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించింది. మన దేశంలో తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది.

ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. పంది శ్వాసనాళ కణాల్లోకి పందుల వైరస్‌లే కాదు, పక్షుల, మనుషుల వైరస్‌లూ ప్రవేశించగలవు. ఒకే కణంలో రెండు రకాలు కలిస్తే ముక్కలు తారుమారై కొత్త వైరస్ పుడుతుంది. 2009 నాటి వైరస్‌కు ఆరు ముక్కలు ఉత్తర అమెరికా పందుల నుంచి, రెండు ఐరోపా, ఆసియా పందుల నుంచి వచ్చాయి. 1957కు ముందు పుట్టినవారిలో చాలామందికి పాత హెచ్1ఎన్1 సోకి ఉండటంతో కొంత రక్షణ దొరికింది. యువత శరీరానికి మాత్రం ఇది పూర్తిగా కొత్త. ఆ ఏడాది వారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఇప్పుడది ఏటా వచ్చే ఫ్లూల్లో ఒకటైపోయింది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు: 2015లో మన దేశంలో రెండు వేల మందికి పైగా దీనికి బలయ్యారు. దగ్గు, తుమ్ముల తుంపర్ల ద్వారా మనిషి నుంచి మనిషికి సోకుతుంది. ఉడికిన పంది మాంసం తింటే రాదు.

హఠాత్తుగా జ్వరం, పొడిదగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. చాలామందికి విశ్రాంతితోనే తగ్గిపోతుంది, పరీక్ష కూడా అక్కర్లేదు. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, వృద్ధులు, మధుమేహం, ఆస్తమా, గుండె జబ్బులున్నవారి విషయం వేరు. కణం నుంచి కొత్త వైరస్‌లు బయటపడేందుకు తోడ్పడే న్యూరామినిడేజ్ ఎంజైమును ఒసెల్టామివిర్ మందు అడ్డుకుంటుంది. వైరస్ ఇంకా పెరుగుతున్న తొలి 48 గంటల్లోనే దాని ఫలితం ఎక్కువ. అందుకే ఇలాంటివారు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా వైద్యుల సలహాతో మందు మొదలుపెట్టడం మేలు. సొంతంగా యాంటీబయాటిక్స్ మింగితే వైరస్ చావదు. ఆయాసం, పెదాలు నీలబడటం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం, పిల్లలు ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేయడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తుమ్మేటప్పుడు మోచేయి అడ్డుపెట్టుకోవడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, జ్వరమున్న పిల్లలను బడికి పంపకపోవడం వ్యాప్తిని తగ్గిస్తాయి. ఫ్లూ వైరస్ ఏటా మారుతుంది కాబట్టి టీకా కూడా ఏటా వేయించుకోవాలి. గర్భిణులు, దీర్ఘరోగులు దీన్ని అస్సలు వాయిదా వేయవద్దు.