ఒక మాత్ర ఎక్కువైతే

మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు మన ప్రాంతంలో అరుదు. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే మెదడు, వెన్నుపాములలోని నరాలకు ఒక పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ శక్తే ఆ పొరను పాడుచేయుట ఈ జబ్బు. చూపు మసకబారుతుంది, కాళ్ళు బిగుసుకుంటాయి, నడక తడబడుతుంది.

నడక మెరుగుపడుటకు కొందరికి డాక్టర్లు ఫాంప్రిడిన్ అనే మాత్ర వ్రాస్తారు. అమెరికా ఔషధ శాఖ 2010లో దీనికి అనుమతి ఇచ్చింది. 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 12 గంటల తరువాత మరొకటి, రోజుకు అంతే. అది మించితే అదే మందు మెదడును అదుపు లేకుండా రేపి ఫిట్స్ తెప్పిస్తుంది. సరియైన మోతాదులో కూడా కొందరికి ఫిట్స్ వచ్చాయని 2012లో ఆ శాఖ హెచ్చరించింది. కాబట్టి మునుపు మూర్ఛ వచ్చినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది; అవి బలహీనమైతే ఒంట్లో పేరుకుపోతుంది.

మోతాదు మించేది ఎలాగు? ఉదయం మరచిన మాత్రను సాయంత్రం దానితో కలిపి వేసుకొనుట ఒకటి. మింగలేక నలిపి, విరిచి వేసుకొనుట మరొకటి. మెల్లగా కరగవలసిన మందు అప్పుడు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. మరచిన మాత్రను వదిలివేయుటే క్షేమం.

కాళ్ళ బిగువుకు ఇచ్చే బాక్లోఫెన్ మరీ ఎక్కువైతే మత్తు, ఊపిరి మందగించుట, ఫిట్స్ కలుగుతాయి. దానిని హఠాత్తుగా మానినా ఫిట్స్ రావచ్చు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 70 అడుగులు దాటి దారులు మూసుకుపోయిన సంగతి మనకు తెలుసు. చర్ల, దుమ్ముగూడెం వైపు ఉండేవారు వానలకు ముందే మందులు తెచ్చి ఉంచుకొనుట మంచిది.

ఫిట్స్ వస్తే గాలి సోకిందనుకొని మంత్రగాని యొద్దకు పరుగెత్తవద్దు. చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో చెంచా గాని నీళ్ళు గాని పెట్టవద్దు. ప్రక్కకు పండుకోబెట్టి, 108కి ఫోను చేయండి. మేము ప్రార్థనకు వస్తాము. అయితే మా కోసం బండి ఆపవద్దు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్ళండి. ఏ మందు, ఎన్ని వేసుకున్నారో ఆ అట్టలను చూచి డాక్టరు గ్రహించగలరు.